మూడో ఛానెల్ మీద తెల్లటి పొర

మండపేట దాటాక కాలవగట్టు రోడ్డు పక్కనున్న ఆ తవుడు నూనె ఫ్యాక్టరీలో నేను టెర్మినేషన్ మాడ్యూల్ మార్చాక ఇంకా నెల తిరగలేదు. మళ్ళీ అదే పాడైందని ఓనరు గారు ఫోన్ చేశారు. నా చేతులతో బిగించిన కొత్త మాడ్యూల్ అంత తొందరగా పోయిందంటే నాకు నమ్మకం కుదరలేదు. భాద్రపద మాసం, ముసురు పట్టిన ఉదయం, రాజమండ్రి నుంచి బయలుదేరాను.

ఆ వస్తువు ఏమిటో ముందు చెప్పాలి. ఫ్యాక్టరీలో వేడినీ ఒత్తిడినీ కొలిచే పరికరాల తీగలన్నీ కంట్రోల్ రూములో ఇనుప బీరువా లాంటి ప్యానెల్‌లోకి వస్తాయి. అక్కడ ప్రతి తీగనూ ఒక స్క్రూ కింద పెట్టి బిగించే దిమ్మే టెర్మినేషన్ మాడ్యూల్. దిమ్మ మీద ఒక్కో పరికరానికి కేటాయించిన స్క్రూల జాగాను ఛానెల్ అంటాం. దాని మీద కూర్చునే కార్డు ఆ తీగల్లోని కరెంటును అంకెలుగా చదివి కంప్యూటరుకు అందిస్తుంది. కార్డు పాడైతే ఊడబెరికి ఇంకొకటి గుచ్చవచ్చు. దిమ్మ పాడైతే మాత్రం ప్రతి తీగనూ విప్పి, నంబరు చూసి, తిరిగి బిగించాలి. రెండు తీగలు తారుమారైతే ఆవిరి గొట్టంలోని వేడి, నూనె తొట్టిలోని వేడిగా కనబడుతుంది. ఈ పని చేసేవాడు తీగ మీద రాసి ఉన్న నంబరును కూడా నమ్మడు. రెండో కొస ఎక్కడుందో వెతికి చూసుకుంటాడు.

తవుడులోంచి నూనె లాగడానికి ఆ ఫ్యాక్టరీలో వాడే సాల్వెంటు పెట్రోలులా భగ్గుమంటుంది. అందుకని వేడి హద్దు దాటినట్టు కనబడిన మరుక్షణం కంప్యూటరు ప్లాంటు మొత్తాన్ని ఆపేస్తుంది. మూడో ఛానెల్‌లో వేడి ఉన్నట్టుండి పెరిగేది, ప్లాంటు ఆగేది. వెళ్ళి చూస్తే ఆ పరికరం ఉన్న చోట వేడి ఎప్పటిలాగే ఉండేది. అలా ఆగినప్పుడల్లా ఉదయం షిఫ్టే నడుస్తోంది. ఉదయం షిఫ్టులో ఎప్పుడూ ఒకే ఆపరేటరు.

ఓనరు గారు నన్ను గేటు దగ్గరే ఆపారు. పొలాల మీద సంపాదించినదంతా ఈ ఫ్యాక్టరీలో పెట్టిన రైతు ఆయన. భుజం మీద కండువా ఇంకా వదల్లేదు.

"లోపలికెళ్ళే ముందు ఒక మాటండి ఇంజినీరు గారూ. ఇది మిషను రోగం కాదండి. మనిషి రోగం."

"ఎవరండీ ఆ మనిషి?"

"ఇంకెవరండి, పొద్దుటి డ్యూటీ వాడే. వాడి బావమరిది అవతలి ఫ్యాక్టరీలో చేస్తన్నాడు. మన ప్లాంటు ఆగిన రోజున తవుడు లారీలు ఎవరి గేటుకి పోతాయండి? వాళ్ళ గేటుకే. ప్యానెల్ తాళం చూస్తే వీడి మొలతాడుకే ఉంటాది. ఎవరో కావాలని పాడు చేశారని మీ రిపోర్టులో ఒక్క ముక్క రాయండి. రేపటి నుంచి వాడు ఈ గేటు దాటడు."

ఒక మనిషి ఉద్యోగం నేను రాయబోయే ఒక్క వాక్యం మీద ఆధారపడి ఉందని అలా తెలిసింది.

ఆపరేటరుకు నలభై ఏళ్ళుంటాయి. నరసాపురం అవతల సముద్రం ఒడ్డు ఊరు. ఇంటిల్లిపాదీ వేటకీ చేపల బేరానికీ పోతుంటే ఐటీఐ చదివి ఇటు వచ్చినవాడు. నన్ను చూసి నవ్వాడు.

"ఆయ్, నమస్కారమండి. మీరు బిగించింది కూడా నా షిఫ్టులోనే పోయిందండి. మీ చెయ్యి కూడా నా చెయ్యి లాంటిదేనన్నమాట!"

నాకు నవ్వు రాలేదు. మొలతాడు నుంచి తాళంచెవి తీసి ప్యానెల్ తలుపు తెరుస్తున్న అతని చేతులనే చూస్తున్నాను. ఆ చేతులు మామూలుగానే ఉన్నాయి. బాగా సాధన చేసిన చేతులు కూడా అలాగే ఉంటాయి కదా అనుకున్నాను.

ప్లాంటు ఎలాగూ ఆగి ఉంది. ప్యానెల్‌కు కరెంటు సరఫరా ఆపి, ఆగిందని మీటరుతో నిర్ధారించుకుని, కార్డు ఊడదీశాను. మూడో ఛానెల్ స్క్రూల మీద తెల్లటి పొర, దాని కింద పచ్చటి చిలుము. మొదటిసారీ ఇలాంటిదే చూసి తేమ అనుకున్నాను. రాత్రి షిఫ్టు వాళ్ళు చలికి ఏసీ ఆపేస్తారనీ, తెల్లారేసరికి గదంతా చెమ్మగిల్లుతుందనీ అప్పుడే తెలిసింది. ఏసీ ఆపవద్దని గట్టిగా చెప్పి వెళ్ళాను కూడా. కానీ ఇప్పుడు టార్చి వేసి చూస్తే ఆ పొర పలుకులు పలుకులుగా మెరుస్తోంది. గాలిలోని తేమ అలా పలుకులు కట్టదు; తక్కినవన్నీ వదిలేసి ఒక్క ఛానెల్‌ను ఎంచుకోదు. దూదితో తుడిచి, ఆ దూదిని నాలుక కొసకు తాకించాను.

"ఉప్పు," అన్నాను, పైకే.

వెనకాలే నిలబడ్డ ఓనరు గారు అందుకున్నారు. "చూశారా! ఎండుచేపలకి బస్తాలు బస్తాలు కొనే ఇల్లండి వాళ్ళది. ఏరా, ఉప్పునీళ్ళు పోశావా?"

"నేనెందుకు పోత్తానండి? ఉప్పు మా ఇంట్లోనే ఉంటాదాండి? మీ ఇంట్లో పప్పులో ఎయ్యరా?"

"చూశారా, ఆ నోరు చూశారా!"

నేను మనసులో లెక్క వేసుకుంటున్నాను. సరఫరా స్క్రూకీ దాని పక్క స్క్రూకీ మధ్య ఉప్పునీరు చేరితే కొంత కరెంటు అడ్డదారిన పోతుంది, అంకె పెరుగుతుంది, వేడి ఎక్కువైనట్టు కనబడుతుంది. జరిగింది కచ్చితంగా అదే. ఈ సంగతి ఐటీఐ చదివినవాడికి తెలియకపోదు. తాళం అతని దగ్గర ఉంది, బావమరిది అవతల ఉన్నాడు, ఉప్పు ఇంట్లో ఉంది. అన్నీ ఒకే మనిషి వైపు చూపిస్తున్నాయి. రిపోర్టులో రాయవలసిన వాక్యం నా మనసులో దాదాపు పూర్తయింది.

ఒక్కటే పొసగలేదు. ఎదురుగా నిలబడి నీళ్ళు పోస్తే నాలుగు ఛానెళ్ళయినా తడవాలి. ఇక్కడ దిమ్మ పై అంచు నుంచి మూడో ఛానెల్ దాకా, తీగ మందాన, ఒకే ఒక చార ఉంది. అయినా అనుమానం పోలేదు. ఇంకు పోసే ఫిల్లరుతో వేసి ఉండవచ్చు కదా అనుకున్నాను.

తీగలను వరుస తప్పకుండా దారంతో కట్టి, పాత దిమ్మ ఊడదీసి, కొత్తది పట్టీకి తగిలించాను. మూడో ఛానెల్ స్క్రూ బిగిస్తుండగా నా మణికట్టు మీద చల్లగా ఒక చుక్క పడింది.

ఆ ప్యానెల్ పైన నీటి గొట్టం లేదు. ఏసీ ఎదుటి గోడకు ఉంది. మోకాళ్ళ మీద కూర్చుని టార్చి పైకి తిప్పాను. ప్యానెల్ లోపలి కప్పుకున్న ట్యూబులైటు వెనక, తీగల కట్ట చాటున, పిడికిలంత ఎర్రగుడ్డ మూట నల్లతాడుతో వేలాడుతోంది. నిలబడ్డవాడికి కనబడని చోటు. మూట అడుగు తడిసి ఉంది. ఇంకో చుక్క తయారవుతోంది.

"ఇదేంటి?"

ఆపరేటరు ఓనరు గారి వైపు చూశాడు. ఓనరు గారు కిటికీలోంచి తవుడు బస్తాల వైపు చూస్తున్నారు.

"నన్నడగొద్దండి," అన్నాడు ఆపరేటరు. "ఆరినే అడగండి."

ఓనరు గారు కండువా సర్దుకున్నారు. "అది దిష్టికండి. అందరి కళ్ళూ మన మీదే కదా. ఈ సిస్టమ్ పెట్టిన రోజున పటిక కట్టాను, అది ఉన్నన్నాళ్ళూ ప్లాంటుకేమీ అవలేదు. ఈ ఆషాఢంలో మా ఆవిడ కళ్ళుప్పయితే ఇంకా గట్టిదంది. అమావాస్య అమావాస్యకీ నేనే వచ్చి మారుస్తన్నాను."

"తాళం?"

"నా బీరువాలో ఇంకోటి ఉంటాదండి."

ఆ రెండో తాళంచెవి మాట గేటు దగ్గర రాలేదు. ముసురు పడితే కళ్ళుప్పు జాడీలోనే నీరు కారుతుందని వంటింట్లో ఎవరికైనా తెలుసు. నేను వద్దన్నా రాత్రి ఏసీ ఆపుతూనే ఉన్నారన్నమాట; మూట చెమ్మ పీలుస్తుంది, తెల్లారేసరికి చుక్క కడుతుంది. ఆ చుక్క దిగే వేళకి డ్యూటీలో ఉండేది ఇతను.

"మూట ఉందని నీకు తెలుసా?" అని అడిగాను.

"ఉందని తెలుసండి. కారతందని తెలీదండి బాబు. తెలిసినా ముట్టుకోను. ఆరు కట్టిన దిష్టి మూట నేను విప్పాననుకోండి, మర్నాడు బాయిలరు ఆగినా నా మీదకే కదండి!"

ఇప్పుడూ అతను ముట్టుకోలేదు. అమావాస్య రాకుండా తీయడానికి ఓనరు గారికీ చెయ్యి ఆడలేదు. చివరికి నేనే కట్టరుతో తాడు కోశాను. ఆయన కండువా చాపి మూటను అందులో పట్టుకున్నారు.

సరఫరా ఇచ్చి, ఒక్కొక్క ఛానెల్‌కూ తెలిసిన కరెంటు పంపి, అంకెలు సరిపోయాయని చూశాను. ప్లాంటు లేచింది. మూడో ఛానెల్ కదలకుండా నిలబడింది.

"రిపోర్టులో తేమ అని రాసేయండి. ఉప్పు సంగతి ఎందుకండి," అన్నారు ఓనరు గారు, మెల్లగా.

ప్యానెల్ లోపల కట్టిన మూటలోని ఉప్పు కరిగి మాడ్యూల్ మీద పడిందనీ, ఎవరూ కావాలని పాడు చేసిన ఆనవాలు లేదనీ రాసి ఇచ్చాను. ఆయన రెండుసార్లు చదువుకుని జేబులో పెట్టుకున్నారు. ఆపరేటరు వైపు చూడకుండానే అన్నారు:

"సర్లే. రేపు మామూలుగా వచ్చేయ్."

ఆపరేటరు మొలతాడు నుంచి తాళంచెవి విప్పి బల్ల మీద పెట్టాడు. "వత్తానండి. ఇది మాత్రం మీ దగ్గరే ఉంచండి. రెండూ మీ దగ్గరే."

చలికాలంలో తనిఖీకి వెళ్ళినప్పుడు ప్యానెల్ తెరవడానికి ఓనరు గారే వచ్చారు. ఆపరేటరు దూరంగా, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. నేను ఏదీ ముట్టుకోకముందే టార్చి ట్యూబులైటు వెనక్కి వేశాను. ఏమీ లేదు. తలుపు మూసి తాళం వేసుకుని ఓనరు గారు వెళ్ళాక, కంట్రోల్ రూము గుమ్మం దాటుతూ పైకి చూశాను. బయటి వైపు కొత్త పటిక ముక్క నల్లతాడుతో వేలాడుతోంది.

ఆపరేటరు నా పక్కకు వచ్చి గొంతు తగ్గించాడు.

"అదీ ఆరే కట్టారండి. రేపేదైనా ఆగితే, మీరు చూశారు కదా."