పిడికిట్లో మట్టి

మా జడ్పీటీసీ చావు ఇళ్లు తిరిగే పైకొచ్చాడు. రెడ్ల ఇంటికైనా, క్రైస్తవుల ఇంటికైనా, అరవం మాట్లాడే సరిహద్దు ఊళ్లకైనా దండతో దిగేవాడు. ఏడ్చేవాళ్ల భుజం మీద వేసిన చెయ్యి ఫొటో అయ్యేదాకా తీసేవాడు కాదు. మా సాయిబుకు మతభేదం లేదని జనం మురిసిపోయి ఓట్లేసేవాళ్లు. నిజమే, ఎవరి శవమైనా ఆయనకు ఒకటే.

పోయిన వానాకాలంలో ఆయన తండ్రే పోయాడు. ఆ ముసలాయన మా వీధిలో బట్టలు కుట్టేవాడు, మా నాయనకు ప్రాణస్నేహితుడు. గోరీలో అందరూ మూడేసి పిడికిళ్ల మట్టి వేయాలి. కొడుకు మొదలుపెడతాడని ఊరంతా ఆగింది. ఆయన పిడికెడు మట్టి పట్టుకుని రోడ్డు వైపే చూస్తున్నాడు.

"ఎయ్యప్పా, ఎవురి కోసం సూస్తా ఉండావు?" అన్నాడు మా నాయన.

"రెండు నిమిషాలుండు పెద్దాయనా. ఫొటో తీసేటోడు బైపాసు కాడ ఉండాడంట."

మా నాయన వంగి తనే మొదటి పిడికెడు వేశాడు. ఆయన వెనకే రెడ్లు, క్రైస్తవులు, సాయిబులు అందరూ వేశారు.

ఫొటోగ్రాఫర్ వచ్చేసరికి గోరీ పూడిపోయింది. మా నాయకుడి పిడికిట్లో మట్టి మాత్రం అలాగే ఉంది.