ఖాలూ వంతు

మా అమ్మాయి అష్టాచెమ్మా ఆడడానికి బాల్కనీ గచ్చు మీద చింతగింజ అరగదీస్తుంటే కమురు వాసన వచ్చింది. శామీర్‌పేటలో మేముండే ఈ మూడో అంతస్తు నుంచి ఆ వాసన నన్ను తిన్నగా మేడ్చల్‌కు, సాబేరా ఖాలా వాకిట్లోకి తీసుకుపోయింది. ఖాలా మా పక్కింటావిడ. అమ్మ డ్యూటీకి పోతే నన్ను చూసుకున్నది ఆమే. ఆమె నోటికి జడిసి వాడకట్టులో ఎవరూ ఎదురు చెప్పేవారు కాదు. అష్టాచెమ్మాలో చిన్నపిల్లనని నన్ను ఒక్కసారైనా గెలవనిచ్చిన పాపాన పోలేదు.

ఆమె భర్త ఖాలూ పోయాక కూడా, గడులు గీస్తే ఆయన నాలుగు కాయలూ ఆయన వైపు పెట్టేది. ఆయన వంతు వస్తే తనే గింజలు వేసేది. ఒకసారి ఆయనకు చెమ్మా, అంటే నాలుగు, పడితే, ఆయన కాయతో పండబోతున్న తన కాయనే చంపుకుంది.

"ఇంకో కాయ జరపరాదు ఖాలా?" అన్నాను.

"ఆయనుంటే ఇడిచిపెడ్తుండెనా? పోయినోళ్ల తరఫున ఆడేటప్పుడు దగా జేస్తే ఎట్ల బిడ్డా. పడ్డదే లెక్క."

పెద్దయ్యాక ఆటలు తయారుచేసే పనిలో పడ్డాను. కొత్త ఆటల పోటీ ఒకటి వచ్చింది. నెగ్గితే నా ఆట నా పేరుతో అచ్చవుతుంది. ఎంత తల బద్దలు కొట్టుకున్నా, గీసిందల్లా ఎక్కడో చూసినట్టే ఉండేది. అప్పటికే ఖాలా మంచం పట్టింది. ఓ మధ్యాహ్నం పక్కన కూర్చుని ఆడుతుంటే ఖాలూ వంతు వచ్చింది. ఆమెకు చేయి లేవలేదు. "నువ్వెయ్" అంది. వేస్తుంటే తట్టింది: నలుగురి ఆటలో ఒక పీట ఖాళీగా ఉండాలి, దాని వంతును మిగిలిన ముగ్గురూ మార్చిమార్చి నిజాయితీగా ఆడాలి.

పోటీకి పంపనా అని అడిగాను.

"నా దుఃఖం తీస్కపోయి బజార్ల పెడ్తవా?" అంది. నేను తల దించుకున్నాను. మళ్లీ ఆమే అంది: "సరే, పంపు. గని ఆయన గెలిస్తే గెలవనియ్యాలె. జాలికి కూసోపెట్టకు." మాటిచ్చాను.

ఆమె పోయిన వారానికి పోటీవాళ్లు ఫోన్ చేశారు. ఆలోచన చాలా నచ్చిందట. కానీ ఖాళీ పీట గెలిస్తే ఆడేవాళ్లకు చిరాకు, ఆ ఒక్క నియమం తీసేస్తే చివరి విడతకు తీసుకుంటామన్నారు. తీసేసినా అడిగే మనిషి లేదు. ఆ మాట సంగతి నాకొక్కదానికే తెలుసు. ఆ రోజంతా ఏడ్చాను. కుదరదని చెప్పాను. ఆట అక్కడితో ఆగిపోయింది.

బాధ లేదంటే అబద్ధం. కానీ లేనివాళ్ల తరఫున మాట్లాడాల్సి వచ్చినప్పుడు, నాకు అనుకూలమైన మాట వాళ్ల నోట పెట్టకుండా ఉండడం ఖాలా దగ్గరే అలవాటైంది. ఇప్పుడు మా ఇంట్లో ఖాళీ పీట ఆమెది. మొన్న ఆటలో ఆమే గెలిచింది.

"మరి ఆమె గెలిచిందని ఎవరికి చెప్పాలమ్మా?" అని మా అమ్మాయి అడిగింది.

ఖాలా కాయలు మళ్లీ ఆమె వైపు సర్ది, గింజలు మా అమ్మాయి చేతికిచ్చాను.