తమ్ముడి కన్ను, తాలు కాయలు

కల్లంలో తమ్ముడు ఏరి పోసిన ఎర్ర మిరపకాయల్లో, రంగు వెలిసిన తాలు కాయలు గుప్పెడు కలిపింది నేనే. ఆ సంగతి చాలాకాలం ఎవరికీ చెప్పలేదు.

తమ్ముడు చూపు ఆనడం లేదనేవాడు. కళ్ల డాక్టరేమో అంతా బాగానే ఉందన్నాడు. పని ఎగ్గొట్టడానికే ఈ నాటకమని నా అనుమానం. అందుకే తాలు కలిపి, మళ్లీ చూడమన్నాను. ఒక్క కాయా తీయలేదు.

"ఏరా, దొంగ వేషాలా?" అని కూలీలందరి ముందూ తిట్టాను.

"కనపడితే ఏరనా అన్నాయ్?" అన్నాడు. నమ్మలేదు.

నిరుడు మరదలు పట్టుబట్టి వాణ్ణి పెద్ద కంటి ఆసుపత్రికి తీసుకెళ్లింది. నాటకం బయటపడుతుందని నేనూ వెళ్లాను. అక్కడ, కంటి లోపల వెలుగును పట్టే కణాలను దేనికది కనపడేలా ఫొటో తీసే యంత్రం ఉంది. దాన్నీ నమ్మలేక ముందు నా కంటి ఫొటో తీయించుకున్నాను. మెరిసే చుక్కలు కిక్కిరిసి కనిపించాయి. తమ్ముడి ఫొటోలో నడిమధ్యన నల్లటి ఖాళీలు.

"రంగుల్ని, సన్నటి వాటిని చూసే కణాలు పోయాయండి. మామూలు పరీక్షలో ఇది దొరకదు," అంది డాక్టరమ్మ.

మర్నాడు ఆ కూలీల ముందే వాడి చేయి పట్టుకున్నాను.

"ఒరేయ్, ఆ రోజు తాలు కలిపింది నేనేరా. పైగా నిన్నే తిట్టాను. తప్పు నాది, క్షమించు."