సుల్తాన్‌ను ముట్టే ముందు

ప్రొద్దుటూరులో చీరలకు ఫాల్స్ కుట్టే షంషాద్‌బీ, తన పిల్లి సుల్తాన్‌ను ముట్టుకునే ముందు మోచేతుల దాకా సబ్బుతో కడుక్కునేది. "పిల్లిని ముట్టినాంక కడుక్కుంటారు గానీ, ముందే కడుక్కుంటాండావేందక్కా?" అని పక్కింటి ఓబులమ్మ నవ్వింది. షంషాద్‌బీ నవ్వలేదు. "దాని పానం తీసేదానికి నా చేతి మురికి చాలంట ఓబులమ్మా" అంది. వీధిపిల్లులతో కొట్లాడి చెవి చించుకుని వచ్చినప్పుడల్లా సుల్తాన్‌కు పసుపు అద్ది, "మగపుట్టుకంటే నీదేరా" అని మురిసిపోయింది తనే. అలాంటి ఏదో కొట్లాటలో పడిన కాటుతోనే ఎఫ్‌ఐవీ అనే వైరస్ ఒంట్లో చేరి, రోగాలను తట్టుకునే శక్తిని ఏళ్ల తరబడి మెల్లగా తినేసిందని పశువుల డాక్టరు చెప్పాడు. చిన్న గీత పడినా మానేది కాదు. చిగుళ్లు పుండ్లు పడి, నీళ్లు తాగినా మూలిగేది. ఆమె మాంసం మెత్తగా ఉడికించి, మెదిపి, సూదిపోట్లు పడిన వేలికొసతో నాకించేది.

శుక్రవారం పొద్దున సుల్తాన్‌ను పెరట్లో పూడ్చి వచ్చి, షంషాద్‌బీ మళ్లీ చీర ముందేసుకుని కూర్చుంది. మధ్యాహ్నం దానికి తిండి పెట్టే వేళకు లేచి కొళాయి దగ్గరికి పోయింది. మోచేతుల దాకా సబ్బు రుద్దుకున్నాక గుర్తొచ్చింది. నురగ ఆరిపోయేదాకా అలాగే నిలబడింది.