పత్తర్‌గట్టిలో భర్తీ కాని పోస్టు

వైకుంఠానికి ఉన్న జబ్బు ఒక్కటే: లోకంలో ఏ సంగతినైనా ఆయన ఉద్యోగ ప్రకటనల ఇంగ్లీషులోనే చెబుతాడు. ఇంట్లో ఉప్పు నిండుకుంటే, "సాల్ట్ పొజిషన్ వేకెంట్ ఉంది, ఇమ్మీడియెట్ జాయినింగ్ కావాలె" అంటాడు. బీరకాయ కూర నచ్చకపోతే కంచం పక్కకు జరిపి, "షార్ట్‌లిస్ట్ కాలే" అంటాడు. ఒకరోజు భార్య లక్ష్మీకాంతమ్మ గరిటె కింద పెట్టేసి, "గట్లనా? అయితే వంట పోస్టుకు నేను రిజైన్ చేసిన. నోటీస్ పీరియడ్ గిట్ల ఏం లేదు" అన్నది. బీరకాయ ఆ క్షణమే సెలెక్ట్ అయింది.

చావింట్లో కూడా ఆయన నోరు ఆగదు. లాడ్ బజార్‌లో గాజులమ్మే బుచ్చమ్మ పోయినప్పుడు, ఆమె కొడుకు భుజం మీద చెయ్యేసి, "ఈ పోస్టు ఎత్తేసిండ్రు బిడ్డా. దీనికి ఇగ రిక్రూట్‌మెంట్ ఉండది" అన్నాడు. పొద్దుటి నుంచి ఏడుస్తున్న కొడుకు ఫక్కున నవ్వాడు. బంధువులు ఇద్దర్నీ తిట్టారు.

ఇంతవరకు ఎవరికీ నష్టం లేదు. చిక్కల్లా ఆయన బోర్డుతోనే వచ్చింది.

పత్తర్‌గట్టిలో వైకుంఠానిది లేసుల దుకాణం. అందులో ఆయన, లేసు చుట్టలు, ఒక గల్లా పట్టగా మిగిలిన చోట ఒక స్టూలు ఉంటుంది. ఆ స్టూలు మీద పిల్లి ఉంటుంది. అటువంటి దుకాణం ముందు ఆరేళ్లుగా ఒక బోర్డు వేలాడుతున్నది: "వీ ఆర్ హైరింగ్. అసిస్టెంట్ వైస్ ప్రెసిడెంట్, లేసు విభాగం. వాకిన్ ఇంటర్వ్యూ మంగళ, శుక్రవారాలు. ఫ్రెషర్లు కూడా అర్హులే." పదవి నెలకొకసారి మారుతుంది. భర్తీ మాత్రం ఏనాడూ కాలేదు.

పక్క చీరల దుకాణం యజమాని అనురాగ్, వర్తకుల సంఘానికి ఫిర్యాదు చేశాడు. సంఘం విచారణను వేణుగోపాల్‌కు అప్పగించింది. ఆయన కోర్టులో సూపరింటెండెంటుగా రిటైరైనవాడు. సాక్ష్యం లేనిదే ఎండను కూడా ఎండ అనడని పేరు. గౌలిపురలో వైకుంఠం ఇంటి పక్కనే పెరిగాడు గనుక మొగ్గు చూపుతానేమోనని తన మీద తనకే అనుమానం.

"అంకుల్, ఆరేండ్లల్ల ఒక్కర్ని గూడ తీసుకోలే," అన్నాడు అనురాగ్. "పనిలేనోళ్లకు ఆశ వెట్టి పంపుతుండు. లైనేమో నా షట్టర్ ముందట. ఆ బోర్డు దిగాలె, అంతే."

"దిగాల్నా వద్దా శనివారం చెప్త," అన్నాడు వేణుగోపాల్. బోర్డు దిగితే స్నేహితుడు ఏమవుతాడో ఆయనకు తెలుసు. దాన్ని విచారణలోకి రానివ్వదలచుకోలేదు.

శుక్రవారం ఆయన వెళ్లి, పిల్లిని లేపి, స్టూలు మీద కూర్చున్నాడు. మొదట లోపలికి వచ్చిన మనిషి రచన. ముప్పై అయిదేళ్లుంటాయి.

"ఎందుకొచ్చినవమ్మా?" అన్నాడు వైకుంఠం.

"ఏమన్న నౌకరి ఇస్తరేమోనని..."

"ఇస్తరేమో అంటే ఇయ్యరు. 'ఈజ్ ద పొజిషన్ స్టిల్ ఓపెన్?' అని అడుగు. తల పైకెత్తి."

ఆమె అడిగింది.

"పన్నెండేండ్ల సంది ఏం చేసినవ్?" అన్నాడు ఆమె ఇచ్చిన కాగితం చూసి.

"ఏం చేయలే సేటు. ఇంట్లనే ఉన్న."

"గీ మాట మా ఇంటామె ముందట అను, చీపురు తిరగేస్తది. కెరీర్ బ్రేక్ అనాలె. ఇద్దరు పిల్లల్ని సాదిన అని చెప్పు. సిగ్గుపడేటిది ఏముంది?"

ఇరవై నిమిషాలు ఇదే వరస. చివరకు వైకుంఠం గొంతు సవరించుకుని, "వీ రిగ్రెట్ టు ఇన్‌ఫార్మ్ యూ" అని గంభీరంగా ఆమెను తిరస్కరించాడు. ఆమె సంతోషంగా దండం పెట్టి బయటికి నడిచింది.

వేణుగోపాల్ వెంటపడి ఆపాడు. "నౌకరి రాలేదు గదమ్మా. నవ్వుతవేంది?"

"ఈడ నౌకరి లేదని అందరికి ఎరుకే సార్. పిల్లికే జాగ లేదు, వైస్ ప్రెసిడెంట్ యాడ కూసుంటడు? ఈడ ఒకసారి కాదనిపించుకుంటే ఆడ కాళ్లు వణకయి. అసలుది సోమవారం ఉంది నాకు."

ఒక్క సాక్షి చాలదు. ఆయన అనురాగ్ దుకాణంలోకి వెళ్లి, బిల్లులు రాస్తున్న సంహితను చూపించి అడిగాడు: "ఈ అమ్మాయిని ఏం చూసి తీసుకున్నవ్?"

"మస్తు మాట్లాడింది అంకుల్. జీతమెంత కావాలంటే నవ్వుకుంట 'నెగోషియబుల్' అన్నది."

"ఎక్కడ నేర్చుకున్నవమ్మా?"

సంహిత తల వంచుకుంది. "వైకుంఠం సేటు రెండుసార్లు రిజెక్ట్ చేసిండు సార్."

అనురాగ్ మడతపెట్టి ఉన్న చీరను విప్పి మళ్లీ మడతపెట్టసాగాడు.

ఆ రాత్రి వేణుగోపాల్‌కు ఒక బెంచీ గుర్తుకొచ్చింది. నలభై అయిదేళ్ల కిందట కోర్టులో ఒకే ఉద్యోగానికి ఇద్దరూ దాని మీద పక్కపక్కన కూర్చున్నారు. ఇంగ్లీషు మీడియం చదివిన తాను లోపల ఏమడుగుతారో ఊహించగలడు. అయినా పక్కవాడికి ఒక్క మాట చెప్పలేదు. వైకుంఠం రెండు నిమిషాల్లో బయటికి వచ్చి, నేరుగా తండ్రి లేసుల దుకాణానికి పోయాడు. దాని గురించి ఈనాటి వరకు ఒక్క మాట అనలేదు.

శనివారం తీర్పు వెలువడింది. "మోసపోయినవారు లేరు. అయినా ప్రకటన అబద్ధమే. మంగళవారానికి ఒక్క పోస్టయినా భర్తీ కావాలి, లేదంటే బోర్డు దిగాలి."

వైకుంఠం ముఖం పాలిపోయింది. "భాయ్, నిజంగ ఒకర్ని తీసుకుంటే యాడ కూసోవెట్టాలె? పిల్లిని తీసెయ్యాల్నా?"

"అది మేనేజ్‌మెంట్ సమస్య," అన్నాడు వేణుగోపాల్.

మంగళవారం లైనులో రచన అందరికంటే ముందుంది. "నౌకరి రాలే సేటు. గని, 'వెన్ కెన్ ఐ ఎక్స్‌పెక్ట్ టు హియర్ ఫ్రమ్ యూ' అని నేనే అడిగిన. వాళ్లే నీళ్లు నమిలిండ్రు. గురువారం ఇంకొకటుంది, ఇంకోసారి రిజెక్ట్ చేయుండ్రి."

లైనులో చిట్టచివరన, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, చేతిలో దరఖాస్తుతో వేణుగోపాల్ నిలబడి ఉన్నాడు. కోరిన ఉద్యోగం: ఇంటర్వ్యూ ప్యానెల్ మెంబర్.

వైకుంఠం దరఖాస్తును తిరగేసి మరగేసి చూశాడు. "టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్."

జీవితమంతా ఇంగ్లీషు తీర్పుల మధ్య గడిపిన మనిషి 'మై నేమ్ ఈజ్' దగ్గరే ఆగిపోయాడు.

"పానీ తాగు భాయ్," అన్నాడు వైకుంఠం మెల్లగా. "ఫికర్ జెయ్యకు. తల పైకెత్తి మళ్ల మొదలువెట్టు."

ఆ బెంచీ మీద తాను చెప్పి ఉండవలసిన మాట అదేనని వేణుగోపాల్‌కు తోచింది. నీళ్లు తాగి మళ్లీ మొదలుపెట్టాడు.

"సెలెక్టెడ్," అన్నాడు వైకుంఠం. "ఆర్నెల్లు ప్రొబేషన్. జీతం రెండు పూటల చాయ్."

"నెగోషియబుల్?"

"ఉస్మానియా బిస్కెట్ దాంక వస్త. ఆపైన రాను."

అనురాగ్ షట్టర్ దగ్గరి నుంచి తొంగిచూశాడు. "పోస్టు నిండింది గద సేటు. ఇగ లైన్ బంద్ అయినట్టేనా?"

"కంపెనీ పెరిగింది బేటా," అంటూ వైకుంఠం బోర్డు తుడిచి, సీనియర్ మేనేజర్, బటన్లు అని రాయడం మొదలుపెట్టాడు.

స్టూలు పోగొట్టుకున్న పిల్లి మాత్రం నోటీస్ పీరియడ్ పాటించకుండా అప్పటికప్పుడు రాజీనామా చేసి, అనురాగ్ చీరల మీద జాయిన్ అయింది.