ఫ్యాన్ ఆపితే కుదురుకున్న బంగారం

నరసన్నపేటలో నాది ఉప్పు వ్యాపారం. నౌపడ ఉప్పు మళ్ల నుంచి బస్తాలు తెచ్చి అమ్ముతాను. మా మేనకోడలు స్వాతి విజయనగరంలో ఒక కాలేజీ ల్యాబులో పరిశోధన చేస్తోంది. "మావయ్యా, బంగారం రేణువులు వాటంతటవే సర్దుకుని కూకుంటాయి, వచ్చి సూడు" అని ఫోన్ చేస్తే ఆగలేకపోయాను.

ఉదయం ఆరింటికి బస్సులో శ్రీకాకుళం, అక్కడి నుంచి ఆటోలో ఆమదాలవలస స్టేషన్. ప్యాసింజరు టికెట్ ఇరవై రూపాయల లోపే. చీపురుపల్లిలో కొన్న పల్లీలు అయిపోయేలోగా విజయనగరం వచ్చేసింది. కాలేజీ ల్యాబుకి పోనివ్వమంటే ఆటో ఆయన "రక్తం పరీచ్చకా బావా?" అన్నాడు. బంగారం చూడ్డానికన్నాను. "అయితే కొట్టుకెళ్లాల గానీ కాలేజీకేటి!" అని నవ్వి యాభై తీసుకున్నాడు.

స్వాతి చేతిలో సీసాలో నీళ్లు ఎర్రగా ఉన్నాయి. "ఏటమ్మా, బంగారం ఇలాగున్నాది?"

"మరీ సిన్న రేణువులైతే ఇదే రంగు మావయ్యా."

మూడు పరమాణువుల మందమే ఉండే పొర ఒకటుందట, మాలిబ్డినమ్ డైసల్ఫైడ్. వెలుగు పడితే అందులో కరెంటు పారుతుంది. కానీ అంత పలచటి పొర వెలుగును పెద్దగా పట్టుకోలేదు. పైన బంగారం సమంగా పరుచుకుంటే వెలుగును దాని దగ్గరికి పోగేస్తుంది. ఆ పొర అంటించిన ముక్కలు స్వాతి దగ్గర రెండే మిగిలాయి. నాలుగింటికి వాళ్ల గైడు మేడమ్‌కి ఫలితం చూపించకపోతే ఈ పద్ధతే మానుకోవాలి.

ఒక ముక్క మీద ఆ ఎర్రనీళ్ల చుక్క వేసి, అది ఆరేలోగా చేతులు కడుక్కోడానికి వెళ్లింది. నాకు ఉక్కపోసి ఫ్యాన్ వేశాను.

"మావయ్యా! ఫ్యానెందుకేసినావు?"

మైక్రోస్కోపులో చూస్తే అంచు చుట్టూ ముదురు ఉంగరం, నడుమ ఖాళీ. చుక్క గబగబా ఆరి, రేణువులన్నీ అంచుకి కొట్టుకుపోయాయి. తల కొట్టేసినట్టయింది.

"మా మళ్లలోనూ అంతేనమ్మా. గాలి గట్టిగా కొడితే సన్న ఉప్పే. నిదానంగా ఆరితేనే మంచి గడ్డ."

"తెలిసీ వేసినావా!"

రెండో చుక్క మీద గాజు మూత పెట్టింది. కిటికీలు మూసి, ఫ్యాన్ ఆపి, రెండు గంటలు ఇద్దరం చెమటలో నానాం. ఈసారి ఉంగరం లేదు, అంతటా ఒకే రంగు. నాలుగింటికి మేడమ్ వచ్చి దానిమీద లైటు వేయించారు. మీటరులో కరెంటు అంకె ఒక్కసారిగా ఎగిరింది. "ఇలాగే ఇంకో నాలుగు చెయ్యి స్వాతీ" అని, నా వైపు తిరిగి "ఈయనెవరు, ఇలా తడిసిపోయారు?" అన్నారు.

ఇన్నేళ్లు ఉప్పు పేరుకోవడం చూశాను గానీ, గడ్డని ఎవరు పేరుస్తున్నారని ఎప్పుడూ అనుకోలేదు. ఎవరూ పేర్చరు. నీళ్లు తొందరపడకుండా వెళ్లిపోతే చాలు, మిగిలినవి వాటి చోటు అవే చూసుకుంటాయి. మీరూ ఇలాంటి ల్యాబు చూడాలనుకుంటే చలికాలంలో వెళ్లండి. ఎండాకాలమే కుదిరితే తువ్వాలు పట్టుకెళ్లండి, స్విచ్ మాత్రం అడక్కుండా ముట్టకండి.