ఖాళీ గడికి అర్థం

రైల్లో నాలుగైదు ఫోన్లు ఒకేసారి టింగుమంటే ఇప్పటికీ నా అరచేతులు చల్లబడతాయి. వెంటనే అప్పన్న అంకుల్ గుర్తొస్తారు. విదేశంలో, చాంగీ బిజినెస్ పార్క్‌లో నా మొదటి ఉద్యోగంలో ఆయనే నా పై అధికారి. మలేసియాలో పుట్టిన తెలుగువారు. డయాలిసిస్ రోగులను ఇంటి నుంచి కేంద్రానికి వ్యాన్లలో చేర్చే చిన్న సంస్థ మాది. రోగుల డేటాబేస్‌ను మెసేజ్‌ల యాప్‌కు కలిపింది నేనే. పట్టికలో వ్యాన్ సమయం మారితే ఆ రోగికి దానంతటదే కబురు వెళ్తుంది. సమయం రాసే గడి ఖాళీ అయితే, వ్యాన్ రద్దయినట్టు.

ఒక ఉదయం, సమయాలన్నీ ఒకే పద్ధతిలో ఉండాలని ఆ నిలువు వరుస మొత్తం చెరిపి మళ్ళీ ఎక్కించబోయాను. చేయవలసిన ఆరు పనులు కాగితం మీద రాసుకున్నాను. ముందు ఆటోమేషన్‌ను ఆపాలన్నది వాటిలో లేదు. నలభై ఒక్క మందికి "ఈరోజు మీ వ్యాన్ రద్దయింది" అని కబురు వెళ్లిపోయింది. వ్యాన్లు బయలుదేరడానికి గంట కూడా లేదు. డయాలిసిస్ తప్పితే ఏమవుతుందో మా ఆఫీసులో ఎవరూ ఎవరికీ చెప్పనక్కరలేదు.

"సవరణ మెసేజ్ పంపేస్తాను అంకుల్, రెండు నిమిషాలు," అన్నాను.

"ఆగు బాబూ. ఇప్పుడే రద్దని, ఇప్పుడే కాదంటే జనం ఏది నమ్ముతారు? ఫోన్ తియ్యి. జాబితాలో పై సగం నువ్వు, కింది సగం నేను."

నలభై మంది దొరికారు. టాంపినీస్ పేటలో ఒంటరిగా ఉండే మలయ్ పెద్దావిడ మాత్రం ఎత్తలేదు. నేను ఆరోసారి కలుపుతుంటే అంకుల్ లేచి, "ఇంక చాల్లే, పద," అని టాక్సీ పిలిచారు.

ఎంత తట్టినా తలుపు తెరుచుకోలేదు. చివరికి ఆవిడ నిద్రకళ్ళతో తీశారు; క్యాన్సల్ అన్నారు కదా అని ఫోన్ వంటగదిలో పెట్టి పడుకున్నారట. అంకుల్ మలయ్‌లో ఏదో చెప్పారు. నాకు అర్థమైంది, క్షమించమనడానికి వాడే "మాఫ్" అన్న ఒక్క మాటే. నా వైపు చెయ్యి చూపించలేదు.

"యువర్ కంప్యూటర్ సో బాసీ, లా!" అని, మీ కంప్యూటర్‌కు పెత్తనం ఎక్కువన్నట్టు, ఆవిడ నవ్వుతూ చెప్పులు వెతుక్కున్నారు. కేంద్రానికి అరగంట ఆలస్యంగా చేరాం. నర్సు కోప్పడింది కానీ, ఆవిడ డయాలిసిస్ కుర్చీ ఇంకెవరికీ ఇవ్వలేదు.

బయటికి వచ్చాక అంకుల్ అడిగారు. "గడి ఖాళీగా ఉంటే ఏంటి అర్థం?"

"క్యాన్సల్, అంకుల్."

"ఎవరు చెప్పారు నీకు? తెలీదని అర్థం. తెలీకపోతే మనుషులు ఏం చేస్తారు?"

టాక్సీకి చెయ్యెత్తుతూ ఆయనే అన్నారు.

"అడుగుతారు. అంత చదువు చదివావు, ఇది చెప్పలేదా అక్కడ?"

ఇప్పుడు వేరే సంస్థలో, కంటి వైద్యశాలల అపాయింట్‌మెంట్ల పని చూస్తున్నాను. నేను కట్టిన ఆటోమేషన్లలో గడి ఖాళీగా వస్తే పని అక్కడే ఆగి, ఒక మనిషికి కబురు వెళ్తుంది. ఆ స్టెప్ తీసేస్తే వేగం పెరుగుతుందని ప్రతి సమీక్షలోనూ ఎవరో ఒకరు అంటారు. పెరుగుతుంది, నిజమే. ఆ మనిషిగా నా నంబరే పెట్టుకున్నాను. మొన్న అలాగే కబురొస్తే ఒక పెద్దాయనకు ఫోన్ చేసి, రేపు వస్తున్నారా అని అడిగాను.

"వస్తున్నానుగా! ఎందుకడుగుతున్నావు?" అన్నారాయన చిరాగ్గా.

"తెలియక, అంకుల్," అన్నాను.